ప్రతి రోగీ నా చెల్లెలే

సోమవారం వచ్చిందంటే ఆ క్లినిక్‌లో మొదటి రోగిని లోపలికి పిలవడానికి ముందు ఒక తంతు నడుస్తుంది. వ్యాయామాల గదిలో తెల్లగోడ మీద పనిచేసేవాళ్ళ ప్రొఫైళ్ళు ఒక్కొక్కటే పెద్దవి చేసి వేస్తారు. యజమాని డాక్టరుగారు మోకాళ్ళ రోగులు తొక్కే సైకిలెక్కి, తొక్కకుండా కూర్చుని చూస్తారు. ఆ వారం ఎవరేం పెట్టారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎవరి ముఖంలో కళ ఉంది, ఎవరి ముఖంలో లేదు, అంతా అందరి ముందూ విప్పి ఆరబెడతారు. బయట బెంచీల మీద నడుములు పట్టేసినవాళ్ళు, మెడకు పట్టీలు కట్టుకున్నవాళ్ళు గడియారం చూస్తూ కూర్చుంటారు. వాళ్ళ నొప్పి ఆగొచ్చు, లైకులు మాత్రం ఆగకూడదు.

అక్క ఆ గోడ మీద తన ముఖం పడినప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకునేది. ఆమెను మనమూ అక్క అనే అనుకుందాం, ఎందుకంటే చెల్లెలు పుట్టినప్పటి నుంచి అమ్మా నాన్నా చుట్టాలూ అందరూ ఆమెను అలాగే పిలిచారు. పెళ్ళయిన కొత్తలో మొగుడు కూడా ఒకసారి నోరుజారి అక్కా అనేసి, ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. క్లినిక్‌లో మాత్రం ఆమె మేడమ్. ఫిజియోథెరపీలో ఆమెది మంచి చెయ్యి. పట్టేసిన భుజాన్ని ఆమె అందుకుంటే రోగి ముందు కెవ్వుమంటాడు, నెల తిరక్కముందే అదే చెయ్యెత్తి జుట్టు దువ్వుకుని వెళతాడు. గోడ మీది మేడమ్‌కు ఈ చేతులతో పనిలేదు. ఆ మేడమ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, పక్కకు కాస్త వంచిన మెడ, పళ్ళన్నీ లెక్కపెట్టుకోవడానికి వీలుగా నవ్వు. ఆ ఫొటో తీసినవాడు ఏదైనా మంచి విషయం తలుచుకోమన్నాడు. వీడెప్పుడు పోతాడా అని తలుచుకుంది. ఫొటో బాగానే వచ్చింది.

ఆ తీసినవాడే ప్రొఫైళ్ళు చూసే మనిషి. వెనకాల అందరూ లైకుల బాబు అంటారు. గుండ్రటి దీపం ఒకటి భుజాన వేసుకుని వస్తాడు, ఎవరినైనా దాని ముందు కూర్చోబెడితే ఆ వెలుగు కళ్ళల్లో తెల్లటి గాజుల్లా కనబడుతుంది. మనిషి చెడ్డవాడేం కాదు. ఒక్క మాట పరుషంగా అనడు, మేడమ్ అనకుండా వాక్యం మొదలుపెట్టడు. అక్కకు అదే మరీ చీదర. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు.

వాడు రాకముందు ఆమెకు రెండు ప్రొఫైళ్ళు ఉండేవి. ఒకటి క్లినిక్‌ది, అందులో ఆమె చదువు, పనివేళలు, నడుము నొప్పికి ఎలా కూర్చోవాలో నాలుగు మంచి ముక్కలు. రెండోది ఇంటిది, దాని మీద అసలు పేరు కూడా ఉండదు, చెల్లెలు మాటలు వచ్చీరాని వయసులో పెట్టిన బుజ్జక్క అన్న పేరే ఉంటుంది. అందులో చుట్టాలు, చదువుకునే రోజుల స్నేహితురాళ్ళు కొందరు. మాడిపోయిన గిన్నె, కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మొగుడు, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్న అత్తగారు, ఇవీ అందులో బొమ్మలు. ఇంట్లో కట్టుకునే బట్ట వేరు, వీధిలోకి కట్టుకునే బట్ట వేరు. ఎవరూ దాన్ని మోసమనరు.

లైకుల బాబు వచ్చి ఆ రెండూ ఒకటి చేయాలన్నాడు. జనం క్లినిక్కులను నమ్మరట, మనుషులను నమ్ముతారట. మేడమ్ ఇంట్లో ఎలా ఉంటారో చూస్తే మేడమ్ చేతిలో మోకాలు పెట్టడానికి ధైర్యం వస్తుందట. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే కాబోలు అనుకుంది అక్క, పైకి అనలేదు. అందరి పాస్‌వర్డులూ అతనికి ఇచ్చేయమని, భద్రత కోసమని డాక్టరుగారు చెప్పారు. ఎవరి భద్రతో చెప్పలేదు.

అప్పటి నుంచి మొదలైంది రోత. నాన్న పుట్టినరోజు ఫొటోలో ఓ మూల క్లినిక్ గుర్తు వచ్చి కూర్చుంది. పిన్ని పోయినప్పుడు అక్క ఏడుస్తూ రెండు వాక్యాలు రాసుకుంటే, మర్నాటికి వాటి కింద 'నడుము నొప్పి వేధిస్తోందా? నేడే సంప్రదించండి' అన్న ముక్క చేరింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని అది చదివి, "పోయింది మీ పిన్ని కదమ్మాయ్, నడుము నొప్పి ఎవరికి?" అని అడిగింది. ఆవిడ వెటకారంగా అందో నిజంగానే అడిగిందో ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ తెలియదు. అక్క నవ్వబోయింది గానీ, పిన్ని ముఖం గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఇంత వెగటు పుడుతున్నా ఎందుకు భరించిందంటే, క్లినిక్ వాళ్ళు నదికి అవతల కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దానికి ఒక పెద్ద కావాలి. రెండు మంచాలతో మొదలైన రోజు నుంచి ఉన్న మనిషి కాబట్టి ఆ కుర్చీ తనదేనని అక్క అనుకుంది, మొగుడితో అంది, చెల్లెలితోనూ అంది. ఒక సోమవారం డాక్టరుగారు సైకిలు మీద నుంచి, ఎవరి ప్రొఫైల్ జనానికి దగ్గరైతే వాళ్ళకే ఆ బ్రాంచి అన్నారు. అనేసి డాన్సు పిల్ల వీడియో వేయించారు.

డాన్సు పిల్ల నిన్నగాక మొన్న చేరింది. నడవలేనివాళ్ళు పట్టుకునే ఊతచట్రం ఒకటి ముందు పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ, నడుము ఊపుతూ చేసిన డాన్సు అది. వెనకాల బెంచీ మీద ఆ ఊతచట్రం అసలు యజమాని, ముసలాయన, తన వస్తువు తిరిగి ఎప్పుడిస్తారా అని మర్యాదగా చూస్తూ ఉన్నాడు. దానికి ఊరంతా చప్పట్లు కొట్టింది. అక్కకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, ఒళ్ళంతా జిగురు పూసినట్టు అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో సగం అసూయేనని కూడా ఆమెకు తెలుసు. తన వంతు వచ్చినప్పుడు డాక్టరుగారు నిట్టూర్చారు. మీ చేతులు బంగారం గానీ మీ ప్రొఫైల్లో మనిషి కనబడటం లేదమ్మా, కథ లేదు, కన్నీళ్ళు లేవు అన్నారు. అందరూ నేలచూపులు చూశారు.

అక్క దగ్గర కథ ఉంది. కన్నీళ్ళూ ఉన్నాయి. అవి ఆమెవి కావు.

చెల్లెలు ఒక చిన్న బడిలో, అప్పుడే చేరిన పసిపిల్లలకు టీచరు. చలి ముదిరిన రోజుల్లో ఒక ఉదయం పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే అవి ఒక మూల నుంచి కారిపోయాయట. అద్దంలో చూసుకుంటే ముఖం సగం ఆమెది, సగం ఎవరిదో. కన్ను మూతపడదు, పెదవి కిందికి జారింది, నవ్వబోతే నోరంతా ఒక పక్కకే పరుగెడుతోంది. మెడ చుట్టుకునే గుడ్డ కళ్ళ దాకా కప్పుకుని నేరుగా అక్క ఇంటికి వచ్చింది. వేరే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, ముఖంలో నరం వాచింది, తగ్గుతుంది, భయం లేదని మందులిచ్చి, మిగిలిందంతా వ్యాయామమే అన్నాడు. ఆ మిగిలింది అక్క భుజాన వేసుకుంది.

బడి వాళ్ళకు పన్ను ఆపరేషనని చెప్పి చెల్లెలు సెలవు పెట్టింది, తర్వాత మాస్కు కట్టుకుని వెళ్ళింది. రోజూ సాయంత్రం అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద అద్దం నిలబెట్టుకుని ఇద్దరూ కూర్చునేవారు. కనుబొమలు ఎత్తు. కన్ను గట్టిగా మూయి. బుగ్గల్లో గాలి నింపు, వదలకు. ఈ అను, ఊ అను. అక్క రెండు వేళ్ళతో పెదవి మూల నుంచి చెవి వైపుకు మెల్లగా రాస్తూ ఉండేది. వారానికోసారి అదే కుర్చీలో, అదే వెలుతురులో ఫోనుతో వీడియో తీసేది. అద్దం రోజూ చూసేవాళ్ళకు మార్పు చెప్పదు, అందుకని క్లినిక్‌లోనూ అలాగే తీస్తారు. చెల్లెలు మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఒకే మాట అంది. "ఇది నువ్వు చూడు, నేను చూస్తాను. మూడో కన్ను పడకూడదక్కా." మొగుడికి కూడా చూపించనని అక్క మాటిచ్చింది, చూపించలేదు.

ఆకులు చిగురించే వేళకు ముఖం ముఖంలా అయింది. గట్టిగా నవ్వినప్పుడు మాత్రం పెదవి ఒక మూల కొంచెం వెనకబడేది, తెలిసినవాళ్ళకే తెలిసేంత. చెల్లెలు మాస్కు తీసేసి మళ్ళీ పిల్లల ముందు నోరంతా తెరిచి అక్షరాలు పలికించడం మొదలుపెట్టింది. ఆ విషయం చెప్పడానికి ఫోన్ చేసి, ఏడ్చి, ఏడుస్తూ నవ్వింది.

డాక్టరుగారు కథ లేదన్న ఆ సోమవారం మధ్యాహ్నం అక్క కీళ్ళ నొప్పులకు పూసే మైనం కాచే గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. మొదటి వీడియో, చివరి వీడియో తీసి పక్కపక్కన పెట్టింది. ముక్కు నుంచి పైకంతా కత్తిరించేసింది. కళ్ళు లేవు, నుదురు లేదు, గొంతు కూడా తీసేసింది. మిగిలింది రెండు పెదవులు, ఒక గడ్డం. నోరంటే నోరే, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఆమె చేసిన పొరపాటు అది, ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఎన్నో ఏళ్ళుగా నోళ్ళను కండరాలుగా చూసీ చూసీ, ఏ కండరం లాగుతోంది, ఏది లాగడం లేదు అన్నదే ఆమె కంటికి ఆనింది. ముందు పన్ను మీదికి ఎక్కిన పక్కపన్ను, కింది పెదవి కింద ఉన్న పుట్టుమచ్చ, పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి, ఆ రోజు కనబడలేదు.

వీడియో అందుకుని లైకుల బాబు మేడమ్, మేడమ్ అంటూ మురిసిపోయాడు. ఎవరని అడిగితే ఒక పేషెంటు అంది. ఒప్పుకున్నారా అంటే ఒప్పుకున్నారంది. వాడు దాని మీద పెద్ద అక్షరాలతో 'ప్రతి రోగీ నా సొంత చెల్లెలే' అని రాశాడు. వాడికేం తెలియదు పాపం, అందరికీ అలాంటిదే ఏదో ఒకటి రాస్తాడు, డాన్సు పిల్లకు 'ప్రతి రోగీ నా తాతయ్యే' అని రాశాడు. అది చదవగానే వద్దన్న మాట అక్క నోటిదాకా వచ్చింది. మింగేసింది. మార్చమని అడిగితే ఎందుకని అడుగుతాడు కదా.

ఆ వీడియో దశ తిరిగింది. రెండు రోజుల్లో డాన్సు పిల్లను దాటిపోయింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు పెట్టారు. మీలాంటి అక్క ఉంటే చాలు మేడమ్ అని ఒకరెవరో రాశారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ రెండు రోజులూ అక్క సంతోషంగా ఉంది. రోగి నడుము మీద వేడిసంచి పెట్టి, కోటు జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకునేది. మొగుడు ఏమిటంత హుషారని అడిగితే బ్రాంచి ఖాయమయ్యేట్టుందని చెప్పింది.

మూడో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో పిల్లలందరూ నోరు ఒక పక్కకు లాగి చూపిస్తున్నారని చెప్పింది. ఒక పాప తల్లి ఒళ్ళో కూర్చుని ఫోన్ చూస్తూ మా టీచర్ అందట. తల్లి అది ఇంకో తల్లికి పంపిందట, ఇంకో తల్లి బడి పెద్దమ్మగారికి పంపిందట.

"అక్కా, అది నా నోరేనా?"

"ఏది?" అంది అక్క. ఆ ఒక్క మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాదని చెప్పు. నమ్ముతాను."

మెడ సాగదీయడానికి కట్టిన బెల్టుకు వేలాడుతున్న రోగి ఒకాయన తనను దింపమని చెయ్యి ఊపుతున్నాడు. అక్క ఆయనను చూస్తూ ఉండిపోయింది. చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

అక్క అప్పటికప్పుడు దాన్ని తీసేయబోయింది. పాస్‌వర్డు మారిపోయి ఉంది. లైకుల బాబుకు ఫోన్ చేస్తే వాడు ఎంతో మర్యాదగా, ఇప్పుడు తీస్తే ప్రొఫైల్ చచ్చిపోతుంది మేడమ్, జనం ఊపు మీద ఉన్నారు, కామెంట్లకు జవాబులు కూడా నేనే చూసుకుంటున్నాను, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు. డాక్టరుగారు చెబితే తప్ప తీయలేనన్నాడు. తన ముఖం, తన పేరు, లోపలికి పోవడానికి తాళం మాత్రం వాడి దగ్గర. పైన పటారం లోన లొటారం అంటారు, తనకు ఆ లోన కూడా మిగల్లేదని అప్పుడు తెలిసింది.

డాక్టరుగారి గదిలోకి వెళితే ఆయన నారింజ పండు ఒలుచుకుంటున్నారు. అక్క కూర్చోకుండానే, ఆ వీడియో తీయించేయాలండీ, అది మా చెల్లెలిది, దానికి చెప్పకుండా పెట్టాను అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన ఒలవడం ఆపారు. తిడతారనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన ముఖం నెమ్మదిగా వికసించింది.

"సొంత చెల్లెలా? ఇంత పెద్ద విషయం ముందే చెప్పొద్దా అమ్మా?"

ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక చిన్న వీడియో చేయాలట. చెల్లెలి చెయ్యి అక్క చేతిలో ఉండాలట. మొదట్లో ఎంత బాధపడిందో ఆమె నోటితోనే చెబితే, ఆ నోరే సాక్ష్యమట. సిగ్గుపడుతుందండీ అని అక్క అంటే, ఆ సిగ్గు కూడా వీడియోలో బాగా పడుతుందన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు. తడి వేళ్ళతో రెండు తొనలు తీసి అక్క అరచేతిలో పెట్టి, కొత్త బ్రాంచి మీదేనమ్మా, వచ్చే నెల నుంచి చూసుకోండి అన్నారు.

అక్క థాంక్యూ సార్ అంది.

తను అన్నదా, గోడ మీది మేడమ్ అన్నదా ఆమెకే తెలియలేదు. మెడ కూడా పక్కకు వంగింది. బయటికి వచ్చి చూసుకుంటే తొనలు నలిగి రసం మణికట్టు దాకా కారుతోంది. వాడేసిన దూది పడేసే బుట్టలో వాటిని పడేసి, చెయ్యి రుద్ది రుద్ది కడుక్కుంది. ఎంత కడిగినా నారింజ వాసన పోలేదు.  

ఇంటికి వెళ్ళి మొగుడికి చెబితే అతను తల పట్టుకుని, పోలీసులకు చెబుదామా అన్నాడు. ఏమని చెప్పాలో ఇద్దరికీ తోచలేదు, పెట్టింది తనే కదా. అత్తగారు అంతా వింది. 

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారమ్మాయ్. నువ్వు నీది చించుకోలేదు. దానిది చించావు." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఫోన్లో కాదు. మనిషివి వెళ్ళు."

చెల్లెలిది ఒక చెప్పుల కొట్టు పైన రెండు గదుల ఇల్లు. మెట్లు ఎక్కుతుంటే కొత్త తోలు వాసన వస్తుంది. తలుపు తీసి, చెల్లెలు పక్కకు తప్పుకుని, కూర్చో అంది. ముఖం కడుక్కుని ఉంది. టీ పెట్టింది. ఇద్దరి కప్పులూ బల్ల మీద పెట్టి, తను కూడా మంచం మీద అక్క పక్కనే కూర్చుంది. అరుస్తుందని, వస్తువులు విసిరేస్తుందని దారంతా సిద్ధమై వచ్చిన అక్కకు ఏం చేయాలో తెలియలేదు.

బడిలో కొన్నాళ్ళు ఆఫీసు గదిలో కూర్చోమన్నారని చెల్లెలు చెప్పింది. పిల్లలు ఇళ్ళల్లో నోళ్ళు వంకర చేస్తున్నారని, అలాగే ఉండిపోతాయేమోనని తల్లులకు భయంగా ఉందట. వచ్చే ఏడాది సంగతి తర్వాత చూద్దామన్నారట. పన్ను ఆపరేషనని అబద్ధం ఎందుకు చెప్పావని మాత్రం పెద్దమ్మగారు గట్టిగా అడిగారట. అక్క ఏడవడం మొదలుపెట్టింది. బుద్ధి గడ్డి తిందని, ఆ కుర్చీ కోసం కళ్ళు మూసుకుపోయాయని, తీయించడానికి తిరుగుతున్నానని, రేపే రాజీనామా ఇచ్చేస్తానని చెప్పింది. చెల్లెలు టీ తాగుతూ వింది. పెదవి ఆ మూల కప్పు అంచును ఇంకా జాగ్రత్తగా వెతుక్కుంటోంది.

"పిల్లలు వెక్కిరించారని కాదక్కా. నేను నోరు ఎలా తెరిస్తే వాళ్ళూ అలా తెరవాలని నేర్పింది నేనే." కప్పు కింద పెట్టింది. "నీకు తెలియక పెట్టావని నాకు నేను చెప్పుకుందామనుకున్నాను. ముక్కు దాకా కత్తిరించావు కదా. ఇంక ఏమని చెప్పుకోను?"

 మొత్తం ముఖం పెట్టి ఉంటే మతిలేనిదనుకునేవాళ్ళు. కత్తిరించింది కాబట్టి తెలిసే చేసింది. దాచడానికి చేసిన పనే సాక్ష్యమై కూర్చుంది. చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది, చెల్లెలు చెయ్యి లాక్కోలేదు, ఇవ్వనూ లేదు. అది అక్క చేతిలో రోగి చెయ్యిలా పడి ఉంది.

"పొద్దున నేనూ ఆ వీడియో కింద ఒక ముక్క రాశాను. చూశావా?" అంది చెల్లెలు.

అక్క చూడలేదు. లోపలికి వెళ్ళే తాళమే తన దగ్గర లేదని చెప్పబోయింది. అది సాకులా వినిపిస్తుందేమోనని ఆగింది. చెల్లెలు ఫోన్ తీసి చూపించింది. అన్ని ఏడుపు బొమ్మల మధ్యా, ఆమె పేరుతోనే ఉంది. 'నేను కూడా మీ రోగినే మేడమ్. చాలా బాగా తగ్గింది.' మేడమ్ అన్న ఆ మాట చెల్లెలి చేత్తో రాసినది చూసి, అక్క దాన్ని మళ్ళీ చదివింది. అప్పుడే ఫోన్ చిన్నగా మోగింది. ఆ ముక్క కింద జవాబు వచ్చి పడింది, నవ్వుతున్న అక్క ఫొటోతో, అక్క పేరుతో.

'ధన్యవాదాలండీ. మీ నవ్వే మాకు బహుమతి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా? ఎవరెవరు ఉన్నారో చెప్పండి, మీ కుటుంబానికి మేమున్నాం.'

"అది నేను కాదే," అంది అక్క.

"తెలుసు," అంది చెల్లెలు.

అక్క చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది, రాయడానికి అది కావాలి కాబట్టి. తెర వైపే చూస్తూ, బొటనవేలితో, ఒక్కో అక్షరమూ పిల్లలకు పలికించినంత నిదానంగా కొట్టింది. అక్కకు చూపించాలని తిప్పలేదు, దాచాలనీ దాచలేదు. పక్కనే కూర్చున్న అక్క చదివింది.

'ఒక అక్క ఉండేదండీ. ఇప్పుడు లేదు.'

పంపేసి, ఫోన్ మంచం మీద ఇద్దరి మధ్యా పెట్టింది. కింద కొట్టువాడు తలుపులు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఆ తెరనే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆ మాట పక్కన ఒక ఎర్రటి గుండె బొమ్మ పడింది. పెట్టింది ఎవరని చూస్తే, అక్క పేరే ఉంది.